నీ మామూలు సిద్ధం

ఆర్డరు వచ్చిందని తెలిసిన రోజు నేను షెడ్డులో గెంతాను. మాటవరసకి చెప్పడం కాదు, నిజంగానే గెంతాను. కింద నూనె మరకలున్నాయని గానీ, నేను అసెంబ్లీ లైను మొత్తానికి ఇన్‌ఛార్జినని గానీ, పనివాళ్ళ ముందు నాకో పరువు ఏడ్చిందని గానీ గుర్తు లేదు. ఇన్నేళ్ళుగా మేం నీళ్ళ పంపులు తయారు చేస్తున్నాం, వాటి మీద ఎవడి పేరో అంటించి పంపిస్తున్నాం. కనేది మేము, పేరు పెట్టేది ఇంకొకరు. ఇప్పుడు మొదటిసారి ఒక పెద్ద కంపెనీ మా పంపుని మా ఇంటిపేరుతోనే కొంటానంది. దానికి ఒకటే షరతు. వాళ్ళ ఇంజనీరమ్మ వచ్చి, లాట్లోంచి తనకి నచ్చిన పంపుల్ని లాగి, వేడెక్కేదాకా నడిపి చూస్తుంది. ఒక్క చుక్క కారినా ఆర్డరు పోయినట్టే, మళ్ళీ మన మొహం చూడరు.

ఆ సాయంత్రమే మా ఆయన పంపు మీద కొట్టే పేరు రేకుకి డిజైను గీయించుకొచ్చాడు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమా?" అన్నారు మా అత్తగారు. అన్నారే గానీ ఆ కాగితం చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, అక్షరాలు ఇంకాస్త లావుగా ఉండాలన్నారు.

మామగారు పోయాక ఆయన కుర్చీలో మా అత్తగారే కూర్చున్నారు. అంతకుముందు ఆవిడ బళ్ళో లెక్కల టీచరు. అద్దాల గదిలోంచి మమ్మల్నందర్నీ ఇప్పటికీ వెనక బెంచీ పిల్లల్ని చూసినట్టే చూస్తారు. మా ఆయన కొనుగోళ్ళు చూస్తాడు. ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు. ఇనుము వ్యాపారితో బేరం మొదలెట్టి, ఆయన మనవడి జలుబు దాకా వెళ్ళి, మళ్ళీ బేరానికి వస్తాడు. విచిత్రమేమిటంటే సరుకు కూడా వేళకి వస్తుంది. బిగింపూ పరీక్షా నావి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు, నిజమే, పంపు కారుతుంటే నవ్వుతూ నిలబడడం నాకు చేతకాదు.

ఇక రింగుల బాబాయి గురించి చెప్పాలి. పంపుకి ఉండే రెండు చిప్పల మధ్య నీళ్ళు బయటికి రాకుండా ఓ రబ్బరు రింగు కూర్చుంటుంది. చూడ్డానికి చేతి గాజంత ఉంటుంది, పంపు పరువంతా దాని మీదే. మామగారి కాలం నుంచీ ఆ రింగులు బాబాయి షెడ్డు నుంచే వచ్చేవి. ఆయన మాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. మామగారిని అన్నయ్యా అని పిలిచి, ఆ వరస పట్టుకుని మా అత్తగారికి మరిదీ, మా ఆయనకి బాబాయీ అయి కూర్చున్నాడు. ఆయన మాకిచ్చే రింగులు ఊరందరికీ ఇచ్చే రింగులు కావు. అచ్చులోంచి తీశాక వాటిని మళ్ళీ ఓవెన్లో పెట్టి ఒక పూటంతా నిదానంగా ఉడికిస్తాడు. ఆ తర్వాత పిన్ని, అంటే ఆయన భార్య, ఒక్కోదాన్ని వంచి వెలుగుకి పట్టి చూసి ఏరుతుంది. ఈ పద్ధతి ఏ కాగితం మీదా లేదు. "మామూలుగానే చెయ్యవోయ్," అని మామగారు ఫోన్లో చెప్పేవారట. అలా చెప్పగా చెప్పగా ఆ రింగులకి మామూలు అనే పేరు ఖాయమైపోయింది. మామూలు ఎప్పుడొస్తుంది, మామూలు బయల్దేరిందా, మామూలు అయిపోవచ్చింది. మా షెడ్డులో నట్టు ఎలాగో, బోల్టు ఎలాగో, మామూలు కూడా అలాగే ఒక వస్తువు.

ఆర్డరు వచ్చి ఇంకా ఆ సంబరం చల్లారకముందే ఒకరోజు అత్తగారు మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచారు.

"రింగులు ఇక మీదట వేరే చోట తీసుకుందాం. ఓ కంపెనీతో మాట్లాడాను, కొత్తది, అన్నీ పద్ధతి ప్రకారం చేస్తారు," అన్నారు.

"ఎందుకమ్మా? బాబాయి ఏమైనా ఆలస్యం చేశాడా?" అన్నాడు మా ఆయన.

"తీసుకుందాం అన్నానుగా."

కొడుకు మొహం చూడకుండా గోడ మీద క్యాలెండరుతో చెప్పారు ఆ మాట. నేను నోరు తెరవబోయాను. మా ఆయన నా చెయ్యి నొక్కాడు. ఆ పూట భోజనాల దగ్గర గరిటె చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. మా ఇంట్లో అది ఎంత పెద్ద విషయమో, మా ఆయన్ని ఒక్కసారి కలిసినవాళ్ళకైనా అర్థమవుతుంది.

తర్వాత గదిలో అన్నాడు, "బాబాయి ఫోన్ చేస్తున్నాడు. ఎత్తడానికి మొహం చెల్లట్లేదు."

"ఎత్తి ఉన్నది చెప్పొచ్చుగా."

"ఏముందని చెప్పను? నాకే తెలీదు. అమ్మకి నా పని మీద నమ్మకం పోయిందనిపిస్తోంది," అన్నాడు. ఊరందరితో మాట్లాడగలిగిన మనిషి సొంత తల్లిని ఆ ఒక్క మాట అడగలేకపోయాడు. నాకు ఒళ్ళు మండింది గానీ ఎవరి మీద మండాలో తెలియలేదు.

కొత్త కంపెనీ రింగులు చెప్పిన రోజుకే వచ్చాయి. అచ్చేసిన పెట్టెలు, పెట్టె మీద లేబుళ్ళు, లోపల పొందికగా సర్దిన రింగులు. కొలిచి చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. సరే, మన పని మనం చేద్దాం అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ రోజుల్లో షెడ్డులో పని చూస్తే నా కోపమంతా ఎగిరిపోయేది. ఎవరికీ టీ గుర్తు రావట్లేదు. ఒకడు చిప్ప అందిస్తే ఇంకొకడు రింగు పెట్టి, మూడోవాడు బోల్టు బిగించేస్తున్నాడు. వరసగా నిలబడ్డ పంపుల్ని చూస్తుంటే నాకు ఆగలేనంత ఆనందంగా ఉండేది. నీళ్ళ తొట్టిలో పెట్టి పరీక్షిస్తే ఒక్కటీ కారలేదు. మా ఆయన కూడా వచ్చి చూసి, ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

ఇంజనీరమ్మ ఎల్లుండి వస్తుందనగా, పొద్దున్నే ఒక పంపుని వేడెక్కేదాకా నడిపాను. మొదట్లో పొడిగానే ఉంది. ఇంకాస్త వేడెక్కాక చిప్పల సందులో తడి కనబడింది. తుడిచాను. మళ్ళీ తడి. చూస్తుండగానే అది చుక్కై, నా చెప్పు మీద పడింది. ఇంకో పంపు పెట్టాను, అదీ అంతే. విప్పి చూస్తే రింగు నొక్కుకుపోయి అలాగే ఉండిపోయింది, తిరిగి లేవలేదు.

కొత్త కంపెనీ మేనేజరుకి ఫోన్ చేసి నా గొంతులో ఉన్న కారమంతా చూపించాను. పాపం, మంచివాడే, అంతా విన్నాడు.

"మేడం, మీ డ్రాయింగులో ఉన్న కొలత పెట్టాం, మీరడిగిన రబ్బరే వాడాం. రెండోసారి ఉడికించాలని అందులో ఎక్కడా లేదు కదండీ," అన్నాడు.

లేదు. ఉంటే కదా. మా పంపులో సగం మా డ్రాయింగులో ఉంటే, మిగతా సగం బాబాయి బుర్రలోనూ పిన్ని వేళ్ళలోనూ ఉంది. ఆ సంగతి మాకే ఆ రోజు దాకా తెలియదు, ఆ మేనేజరుకి ఎలా తెలుస్తుంది?

"మళ్ళీ చేసివ్వాలంటే మీరు వరసలో ఉండాలి మేడం, మీకన్నా ముందు చాలామంది పాతవాళ్ళు ఉన్నారు," అన్నాడు. అదీ న్యాయమే. మేం ఆయనకి నిన్నగాక మొన్న పరిచయమైనవాళ్ళం. మా ఆయన పేరు రేకుల కోసం పొరుగూరు వెళ్ళాడు. నేను స్కూటర్ తాళం తీసుకుని గేటు వైపు నడిచాను. అద్దాల గది తలుపు తెరుచుకుంది.

"ఎక్కడికి అమ్మాయ్?"

"రింగుల బాబాయి దగ్గరికి."

"వద్దు."

"పంపులు కారుతున్నాయి అత్తయ్యా."

"కారనీ. ఆ మనిషి గడప తొక్కడానికి వీల్లేదు."

ఇక నా వల్ల కాలేదు. "కారణం చెప్పండి, ఆగిపోతాను. చెప్పకపోతే వెళ్తాను. ఎల్లుండి ఆ ఇంజనీరమ్మ ముందు తలొంచుకుని నిలబడాల్సింది నేను," అన్నాను. షెడ్డులో సుత్తులు ఆగాయి. అత్తగారు నన్ను గదిలోకి లాగి తలుపు మూశారు. కుర్చీలో కూర్చుని, బల్ల మీదున్న పెన్ను సర్దారు.

"వాడికి లంచం ఇస్తున్నాడు. నా కొడుక్కి," అన్నారు.

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేమిటి, నా చెవులతో నేను విన్నాను. వాడి ఫోన్ ఈ బల్ల మీద మోగుతుంటే ఎత్తాను. నేను హలో అనేలోపే మొదలెట్టాడు. 'అబ్బాయ్, నీ మామూలు సిద్ధం. ఈసారి కాస్త ఎక్కువే వేశాను. మీ అమ్మగారు లేని టైము చూసి చెప్పు, పంపిస్తా,' అన్నాడు. ఇంకా ఏం వినాలి నేను?"

నాకు ముందు ఓ చిన్న దగ్గు వచ్చింది. తర్వాత నవ్వు. బల్ల పట్టుకున్నా ఆగని నవ్వు. అత్తగారు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నారు. పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, ఎలాగో చెప్పాను. మామూలంటే రింగులు. ఆర్డరు పెద్దది కాబట్టి ఈసారి ఎక్కువ చేశాడు. గేటుకి అడ్డంగా వాన్ పెట్టాడని ఆవిడ కిందటిసారి రింగులు తెచ్చే డ్రైవరుకి తలంటారు, అప్పట్నుంచీ ఆ డ్రైవరు ఆవిడ ఉన్నప్పుడు మా వీధిలోకి రానంటున్నాడు. బళ్ళో పాఠాలు చెప్పుకున్న ఆవిడకి షెడ్డు మాటలు ఎవరూ నేర్పలేదు. బిల్లు మీద రబ్బరు రింగులనే ఉంటుంది.

"ఇంతకీ మీరేమన్నారు ఫోన్లో?"

"మీ మామూళ్ళు ఇక మాకక్కర్లేదు అని పెట్టేశాను."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆవిడ లంచం వద్దంటే, ఆయన రింగులు వద్దన్నారనుకున్నాడు. ఒకే మాట ఇటునుంచి ఒక దెబ్బా అటునుంచి ఒక దెబ్బా కొట్టింది.

అత్తగారి మొహంలో రంగులు మారుతున్నాయి. "అయితే వాడు..."

"మీ అబ్బాయికి నోరు పెద్దది గానీ చెయ్యి శుభ్రం అత్తయ్యా."

ఆవిడ లేచి నిలబడ్డారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "పద. నీ బండి ఎక్కడుంది?" అన్నారు. నా స్కూటర్ ఎక్కడమంటే ప్రాణాల మీద ఆశ వదులుకోవడమేనని ఇన్నేళ్ళూ వేళాకోళం చేసిన మనిషి, ఆ రోజు దారి పొడుగునా నా భుజం మీద తడుతూ, ఇంకా తొందరగా పోనీ, ఆ లారీని దాటెయ్యి, ఏం చూస్తున్నావ్ అని నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. నాకు భయం వెయ్యలేదు. ఎందుకో గొప్ప హుషారుగా ఉంది. కారుతున్న పంపు సంగతి అలాగే ఉంది, అయినా మా ఇంట్లో దొంగ లేడు.

బాబాయి షెడ్డులో ఎప్పుడూ కాలిన రబ్బరు వాసనా, దాన్ని మించిన వేడీ. పిన్ని మోచేతుల దాకా తెల్లటి పొడి పూసుకుని రబ్బరు ముద్ద కోస్తోంది. బాబాయి మమ్మల్ని చూసి, "రండి వదినగారూ," అని స్టూలు తుడిచి వేశాడు. మొహాన నవ్వు లేదు.

"అన్నయ్య పోయినా మీ ఇంటి గడప నాదే అనుకున్నాను. నా పనిలో తప్పుంటే తిట్టాల్సింది. అక్కర్లేదని ఫోన్ పెట్టేశారు. అబ్బాయి ఫోనే ఎత్తలేదు," అన్నాడు.

అత్తగారు స్టూలు మీద కూర్చోలేదు. "మీరు నా కొడుక్కి లంచం ఇస్తున్నారనుకున్నాను," అన్నారు. నాంది లేదు, నసగడం లేదు. మామూలు అన్న మాట దగ్గర్నుంచి అంతా చెప్పుకొచ్చారు.

ముందు పిన్ని నవ్వింది. "రింగులకి వేరే ఏదైనా మంచి పేరు పెట్టమని మొత్తుకున్నాను అక్కయ్యా, ఈయన వింటేనా," అంది. బాబాయి మాత్రం ఇంకా అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత మీసం కింద ఏదో కదిలింది.

"అబ్బాయికి లంచమా? తీసుకుంటే సాయంత్రానికల్లా వాడే ఊరంతా చెప్పుకు తిరుగుతాడు కదా వదినగారూ," అన్నాడు. అప్పుడు నవ్వారు మా అత్తగారు.

నేను మా కష్టం చెప్పాను. ఆయన ఓవెన్ తలుపు తీసి చూపించాడు. లోపల ట్రేల నిండా బొమ్మ కార్ల చక్రాలు.

"మీరు వద్దన్నాక, మీకని చేసినవి వేరే పంపులవాళ్ళకి అమ్మేసి, ఈ బొమ్మల కంపెనీ ఆయనకి మాటిచ్చాను. రేపు సాయంత్రం దాకా ఓవెన్ ఆయనదే. తీసేసి మీవి పెట్టొచ్చు. కానీ నాకు మీరు చేసిన పని ఆయనకి నేను చేసినట్టవుతుంది," అన్నాడు.

"తియ్యొద్దు," అన్నారు అత్తగారు వెంటనే.

వాళ్ళిద్దరి పెద్దరికం చూస్తుంటే నాకు జుట్టు పీక్కోవాలనిపించింది. రేపు సాయంత్రానికి రింగులు మొదలుపెడితే ఎల్లుండికి పంపులెప్పుడు బిగిస్తాను? జేబులోంచి కొత్త కంపెనీ రింగు తీసి, ఏం చెయ్యాలో తోచక ఆయన చేతిలో పెట్టాను. ఆయన వంచాడు, సాగదీశాడు, వాసన చూశాడు, గోరు గుచ్చి చూశాడు.

"వీళ్ళెవరో మంచివాళ్ళే. ముద్దలో లోపం లేదు. ఉడకలేదు, అంతే," అన్నాడు.

ఉడకలేదు, అంతే. ఆ మాట వినగానే నా బుర్రలో దీపం వెలిగింది. "బాబాయిగారూ, దీన్ని ఇప్పుడు ఉడికిస్తే సరిపోతుందా? మా దగ్గర ఓవెన్ ఉంది కదా. పంపులకి రంగు కాల్చేది."

ఆయనా, పిన్నీ మొహాలు చూసుకున్నారు. "వేడి నిలకడగా ఉంటుందా?"

"ఇన్నేళ్ళలో ఒక్క పంపుకీ రంగు పొంగలేదు."

"అయితే ఇంకా నిలబడ్డారేం?" అన్నాడు బాబాయి. చక్రాలు కనిపెట్టుకుని ఉండమని తన పనివాడికి చెప్పి, చొక్కా దులుపుకున్నాడు. పిన్ని నా స్కూటర్ ఎక్కింది, అత్తగారు వాన్లో బాబాయి పక్కన కూర్చున్నారు. ఆ డ్రైవరు ఆవిడని చూసి మెడ చొక్కాలోకి లాక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం మా షెడ్డు చూడాల్సిందే. బిగించిన పంపులన్నీ విప్పేశాం. రంగు ఓవెన్‌ని కడిగినట్టు తుడిచాం. బాబాయి దాని తలుపు మీద అరచెయ్యి పెట్టి, వేడి కాస్త తగ్గించి, కాస్త పెంచి, జ్వరం చూసే డాక్టరులా పక్కనే నిలబడ్డాడు. మొదటి ట్రే బయటికి వచ్చి చల్లారాక, కిటికీ దగ్గర పిన్ని బడి మొదలెట్టింది. రింగు ఎలా వంచాలి, ఎక్కడ చూడాలి, ఏది పారెయ్యాలి. ఆ బళ్ళో మా అత్తగారే మొదటి విద్యార్థి. కనబడిన ప్రతి రింగునీ పక్కకి పడేస్తున్నారు.

"అక్కయ్యా, ఇలా దిద్దితే క్లాసంతా ఫెయిలే," అంది పిన్ని. అందరం పగలబడి నవ్వాం.

సరిగ్గా అప్పుడే మా ఆయన పేరు రేకుల పెట్టెతో లోపలికి వచ్చాడు. బాబాయిని చూసి గుమ్మంలో ఆగిపోయాడు. "బాబాయ్, ఫోన్ ఎత్తనందుకు నేను..." అని నీళ్ళు నమిలాడు.

"కబుర్లు తర్వాత, ముందు ఆ ట్రే అందుకో," అన్నాడు బాబాయి. అందుకున్నాడు. ఇక ఆ చేతులు మర్నాడు ఆఖరి బోల్టు బిగించేదాకా ఆగలేదు.

ఇంజనీరమ్మ వచ్చింది. మొహమాటం లేని మనిషి. వరస మధ్యలోంచి, మూల నుంచి, అడుగు నుంచి తనకి తోచిన పంపుల్ని లాగింది. నడిపింది. వేడెక్కాయి. కాగితం రుమాలు తీసి చిప్పల సందు చుట్టూ రాసి వెలుగులో చూసింది. పొడిగా ఉంది. ఇంకా నడిపించమంది. మళ్ళీ రాసింది. మళ్ళీ పొడే. "సరుకు ఎక్కించండి," అంది. ఎవరో ఈల వేశారు. ఎవరో డబ్బా వాయించారు. తన షెడ్డు నుంచి పొడి చేతులతోనే వచ్చిన పిన్ని నన్ను కావలించుకుంటే నేనూ తెల్లబడిపోయాను. ఆ క్షణంలో నాకు లోకంలో ఎవరి మీదా కోపం లేదు.

లారీకి సరుకు ఎక్కుతోంది. మా ఆయన సంతోషం పట్టలేక అందరి మధ్యా తిరుగుతూ, వాళ్ళమ్మ దగ్గర ఆగాడు.

"ఇంతకీ బాబాయిని ఎందుకు మానిపించావమ్మా? అదొక్కటి చెప్పు."

"పోనిద్దూ, ఏదో ఫోన్ గోల," అని బాబాయి అడ్డొచ్చాడు. నేనూ ఏదో అనబోయాను. అక్కడితో వదిలేస్తే ఎవరికీ నష్టం లేదు. అత్తగారు మా ఇద్దర్నీ చేత్తోనే ఆపారు.

"నువ్వు లంచం తింటున్నావనుకున్నాను రా," అన్నారు.

వాడు, అదే మా ఆయన, నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి మానేశాడు. "ఇన్నాళ్ళూనా?"

"ఇన్నాళ్ళూ."

"నా పక్కన కూర్చుని భోంచేస్తూ కూడా?"

"ఊఁ."

"ఒక్క మాట అడగొచ్చుగా అమ్మా."

"అవునంటావేమోనని భయమేసింది. అవునన్నా నిన్నేం చెయ్యగలను? కొడుకుని మార్చలేక రింగులు మార్చాను," అన్నారు. బడిపిల్లల్ని వణికించిన ఆ గొంతు వణకడం నేను మొదటిసారి విన్నాను.

లారీ తలుపు మూసిన చప్పుడైంది. మా ఆయన వాళ్ళమ్మ చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్యా పెట్టుకున్నాడు.

"ఈసారి అడుగు. అవునంటానని భయమేసినా సరే, అడుగు," అన్నాడు.

"అడుగుతాను," అన్నారు అత్తగారు.